టూల్ బ్యాగ్ దించి సూపర్‌వైజర్ అవ్వాలనుకుంటున్నారా? బెంగళూరులో ఏ దారి ఎలా ఉంటుందో చెప్తాను

పోయిన నెల కదిరి వైపు తమ్ముడొకడు రాత్రి పదిన్నరకి ఫోన్ చేశాడు. ఐటీఐ ఎలక్ట్రీషియన్, ఆరేళ్ళుగా వైట్‌ఫీల్డ్‌లో ఒక టెక్ పార్కులో షిఫ్ట్ టెక్నీషియన్‌గా చేస్తున్నాడు, మనిషి నిదానం, చేతి పని శుభ్రంగా ఉంటుంది. "అన్నా, ఇక్కడే షిఫ్ట్ సూపర్‌వైజర్ చేస్తామంటున్నారు, 25 వేలు. బయట ఇంటీరియర్ పనులు చేసే కాంట్రాక్టరొకాయన సైట్ సూపర్‌వైజర్‌గా రమ్మంటున్నాడు, 30 వేలు. శుక్రవారంలోగా చెప్పాలి, ఏం చేయమంటావు?" అన్నాడు. ఇలాంటి ఫోన్లు నాకు ఏడాదిలో నాలుగైదు వస్తాయి, అందరూ ముందు అడిగేది జీతం అంకె గురించే. అందుకే ఈసారి వాడికి చెప్పిందంతా కూర్చుని రాస్తున్నాను.

నేనూ హిందూపురంలో ఐటీఐ చేసి 2008లో ఈ ఊరొచ్చినవాణ్ణే. మారతహళ్ళిలో ఒక గదిలో నలుగురం ఉండేవాళ్ళం. మొదట ఫెసిలిటీ పని (భవనాల నిర్వహణ), తర్వాత రెండున్నరేళ్ళు సైట్లు, ఏడాదిన్నర సొంతంగా కాంట్రాక్టు, మళ్ళీ ఫెసిలిటీ. ఇప్పుడు ఒక పెద్ద అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లో టెక్నికల్ మేనేజర్ని, కింద ఇరవై రెండు మంది ఉన్నారు. మూడు దారుల్లోనూ నడిచాను కాబట్టి చెప్పగలుగుతున్నాను.

ముందు మీ సంతకం ఎక్కడ చెల్లుతుందో చూసుకోండి

ఐడీ కార్డు మీద సూపర్‌వైజర్ అని ఉండటం వేరు, చట్టం ఒప్పుకునే సూపర్‌వైజర్ కావడం వేరు. ఈ తేడా తెలియక చాలామంది ఇరుక్కుంటున్నారు. 1956 నాటి ఇండియన్ ఎలక్ట్రిసిటీ రూల్స్‌లో 45వ రూల్ అని ఒకటుండేది. అదే విషయం 2010లో సెంట్రల్ ఎలక్ట్రిసిటీ అథారిటీ తెచ్చిన సేఫ్టీ రెగ్యులేషన్స్‌లోకి వచ్చింది, 2023లో వాటి స్థానంలో వచ్చిన కొత్త రెగ్యులేషన్స్‌లోనూ ఉంది. సారాంశం ఏంటంటే, ఇన్‌స్టలేషన్ పని లైసెన్స్ ఉన్న కాంట్రాక్టరే చేయించాలి, కాంపిటెన్సీ సర్టిఫికెట్ ఉన్న మనిషి పర్యవేక్షణలో జరగాలి, చేసేవాడి దగ్గర పర్మిట్ ఉండాలి. బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చి మార్చడంలాంటి వాటికి మాత్రం మినహాయింపు. కర్ణాటకలో ఈ వైర్‌మ్యాన్ పర్మిట్లు, సూపర్‌వైజర్ సర్టిఫికెట్లు, కాంట్రాక్టర్ లైసెన్సులు ఇచ్చేది ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరేట్. ఆంధ్రాలో తీసుకున్నది ఉంటే చాలనుకోకండి, పని జరిగే రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిందో గుర్తించిందో అయ్యుండాలని రూల్‌లో ఉంది, కాబట్టి ఇక్కడ గుర్తింపు చేయించుకోవాలి.

ఇది ఎందుకు ముందే చెప్తున్నానంటే, నేను సైట్ సూపర్‌వైజర్‌గా చేరిన మూడో నెలలో ఒక సాయంత్రం టెస్ట్ రిపోర్టు తెచ్చి నా ముందు పెట్టారు. ఐదు ఎర్త్ పిట్లు, ఐదింటికీ 1.2 ఓమ్ అని టైప్ చేసి ఉంది. ఐదు గుంతలకి ఒకే రీడింగ్ ఎలా వస్తుంది? మర్నాడు పొద్దున ఎర్త్ టెస్టర్ పట్టుకుని, మేకులు పాతి, నేనే కొలిచాను. మూడు బాగానే ఉన్నాయి, ఒకటి 4 దాటింది, గోడ పక్కనున్నది 11 చూపించింది. ఆ గుంతలో పైపు అయితే ఉంది కానీ దానికి బిగించాల్సిన స్ట్రిప్ బోల్టు చేత్తో తిప్పితే తిరుగుతోంది. సంతకం పెట్టనన్నాను. "నువ్వు పెట్టకపోతే ఇంకొకడు పెడతాడు" అన్నారు. నా దగ్గర అప్పటికి సర్టిఫికెట్ లేదు, అంటే ఆ కాగితం మీద నా సంతకానికి చట్టంలో విలువే లేదు, కానీ ఏదైనా జరిగితే పోలీసులు ముందు అడిగేది నన్నే. రెండు నెలల్లో ఆ పని మానేశాను, మానేసిన వారం నుంచే సర్టిఫికెట్ కోసం కాగితాలు కూడగట్టడం మొదలుపెట్టాను.

కాబట్టి ఏ ఆఫర్ వచ్చినా మొదటి ప్రశ్న ఇదే అడగండి: ఈ కుర్చీలో నేను ఏ కాగితం మీద సంతకం పెట్టాలి? ఆ సంతకం పెట్టే హక్కు నాకుందా? మిగతా పోలికలన్నీ దీని తర్వాతే.

భవనం నడిపే దారి

ఫెసిలిటీ మేనేజ్‌మెంట్‌లో మీ సంతకం లాగ్ బుక్ మీద, వర్క్ పర్మిట్ మీద పడుతుంది. బెంగళూరులో ఐటీ పార్కులు, మాల్స్, వెయ్యి ఫ్లాట్ల అపార్ట్‌మెంట్లు ఉన్నన్నాళ్ళూ ఈ పనికి కరువు లేదు. మెట్లు కూడా స్పష్టంగా ఉంటాయి: షిఫ్ట్ టెక్నీషియన్, షిఫ్ట్ సూపర్‌వైజర్, తర్వాత ఎంఈపీ (ఏసీ, కరెంటు, ప్లంబింగ్) ఎగ్జిక్యూటివ్, టెక్నికల్ మేనేజర్, ఇంకా పైకెళ్తే ప్రాపర్టీ మేనేజర్. కానీ మెట్టు ఎక్కే కొద్దీ కరెంటు పని తగ్గిపోయి లిఫ్టు, ఎస్‌టీపీ (మురుగునీళ్ళు శుద్ధి చేసే ప్లాంటు), ఫైర్ పంపు, ఏసీ చిల్లర్, నీళ్ళ ట్యాంకర్లు, రెసిడెంట్ల వాట్సాప్ గ్రూపు, ఇవన్నీ మీ నెత్తిన పడతాయి. "నాకు ప్యానెల్ తప్ప ఏదీ పట్టదు" అనేవాళ్ళకి ఈ దారి మూడో మెట్టు దగ్గర విసుగొస్తుంది.

నాకు మేనేజ్‌మెంట్ అంటే ఏంటో అర్థమైన రాత్రి ఒకటుంది. సూపర్‌వైజర్ అయి నలభై రోజులు కాలేదు. రాత్రి రెండున్నరకి బెస్కాం (బెంగళూరు కరెంటు సంస్థ) సప్లై పోయింది, డీజీ (డీజిల్ జనరేటర్) స్టార్ట్ అయింది, కానీ లోడ్ తీసుకోలేదు, అంటే భవనానికి కరెంటు రాలేదు. బేస్‌మెంట్ ప్యానెల్ రూములోకి పరిగెత్తాను. జూనియర్ కుర్రాడు టార్చి పట్టుకుని నిలబడి ఉన్నాడు. వాడి చేతిలోంచి స్క్రూడ్రైవర్ లాక్కున్నాను. మెయిన్స్ ఏసీబీ (బయటి సప్లై వైపు పెద్ద బ్రేకర్) తెరుచుకుంది, కానీ తెరుచుకున్నట్టు చెప్పాల్సిన ఆక్సిలరీ కాంటాక్ట్ వైరు టెర్మినల్‌లో వదులై ఉంది, ఆ సిగ్నల్ రాకపోతే ఇంటర్‌లాక్ డీజీ బ్రేకర్‌ని మూయనివ్వదు, రెండు సప్లైలూ ఎదురెదురు కలవకూడదు కదా. మోకాళ్ళ మీద కూర్చుని, వైర్ల మీది ఫెర్రూల్ నంబర్లు చూసుకుంటూ, ఆ వైరు పట్టుకుని బిగించేసరికి పదకొండు నిమిషాలు. లోడ్ వచ్చింది. మోటార్ల చప్పుడు వినగానే ఎంత సంతోషమేసిందో చెప్పలేను. అప్పుడు చూసుకున్నాను, ప్యానెల్ మీద పెట్టిన నా ఫోన్‌లో పద్నాలుగు మిస్డ్ కాల్స్. బి టవర్ లిఫ్టులో ఒక పెద్దావిడ ఇరుక్కుపోయింది, లిఫ్టు రెస్క్యూ బ్యాటరీ కూడా పని చేయలేదు. పదకొండు నిమిషాలూ ఆమెతో మాట్లాడినవాళ్ళు లేరు, సెక్యూరిటీకి ఏం చేయాలో చెప్పినవాళ్ళు లేరు. పొద్దున మా మేనేజర్ అరవలేదు. "వైరు ఆ కుర్రాడు కూడా బిగించేవాడు, ఇంకో ఐదు నిమిషాలు ఎక్కువ పట్టేది. ఆమెకి ఫోన్ ఎవరు చేయాలి?" అని మాత్రం అడిగారు.

ఈ ప్రశ్న మిమ్మల్ని మీరు వేసుకోండి. పక్కవాడు మీకంటే నెమ్మదిగా చేస్తుంటే, తొందరపడి పనిలో చెయ్యి పెట్టకుండా, ఒక చేత్తో టార్చి పట్టుకుని, ఇంకో చేత్తో ఫోన్ ఎత్తి అవతలివాళ్ళకి పరిస్థితి చెప్పగలరా? అది ఒక్క రోజులో రాదు, నాకు రెండేళ్ళు పట్టింది. అసలు ఇష్టమే లేకపోతే మాత్రం మేనేజ్‌మెంట్ వద్దనుకోవడంలో తప్పు లేదు, దాని గురించి కింద రాశాను.

డబ్బు సంగతి ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే మా తమ్ముడి ఆఫర్లో అసలు మెలిక ఇదే. వాడి జీతం ఇప్పుడు 20,500, పైన ఓటీ (ఓవర్‌టైమ్) నెలకి సుమారు 5,500, మొత్తం 26 వేలు. సూపర్‌వైజర్ అయితే 25 వేలు, ఓటీ లేదు. అంటే ప్రమోషన్‌తో చేతికొచ్చేది తగ్గుతోంది. ఇంకోటి, ఈఎస్‌ఐ (ఉద్యోగులకిచ్చే ప్రభుత్వ ఆరోగ్య బీమా) జీతం పరిమితి 21 వేలు. ఈ పరిమితి చూసేటప్పుడు ఓటీని లెక్కలోకి తీసుకోరు కాబట్టి వాడు ఇప్పుడు లోపలే ఉన్నాడు, అమ్మకీ భార్యకీ పిల్లకీ రాజాజీనగర్ ఈఎస్‌ఐ ఆసుపత్రిలో చూపించుకుంటున్నాడు. 25 వేలు అయితే నడుస్తున్న కాంట్రిబ్యూషన్ పీరియడ్ వరకు ఉంటుంది, అంటే సెప్టెంబరు ఆఖరుదాకానో మార్చి ఆఖరుదాకానో, ఆ తర్వాత పోతుంది. వాడి వాటాగా కోసేది 0.75 శాతమే, దానికి ఇంటిల్లిపాదికీ వైద్యం దొరుకుతోంది. బయట ఫ్యామిలీ ఫ్లోటర్ (ఇంటందరికీ కలిపి ఒకే ఆరోగ్య బీమా) తీసుకుంటే, అందులో షుగర్ ఉన్న అమ్మని చేరిస్తే, ప్రీమియం ఎంతవుతుందో ముందే కనుక్కుని, ఆ మొత్తాన్ని పన్నెండుతో భాగించి జీతం అడగాలి. "సార్, నా ఓటీ పోతోంది, ఈఎస్‌ఐ పోతోంది, ఈ రెండూ కలిపి చూడండి" అని కాగితం మీద రాసి చూపిస్తే హెచ్‌ఆర్ వాళ్ళు వింటారు. ఊరికే "ఇంకొంచెం పెంచండి సార్" అంటే వినరు.

అలాగని ఓటీని జీతం అనుకుని బతకొద్దు. నైట్ మీద డబుల్ షిఫ్ట్ చేసి పొద్దున ఏడింటికి బండి మీద ఇంటికి వెళ్ళే టెక్నీషియన్లని చూస్తే నాకు గుండె ఝల్లుమంటుంది. ముప్పైలో ఒళ్ళు ఊరుకుంటుంది, నలభై తర్వాత ఊరుకోదు.

ఈ దారిలో ఇంకో చిక్కు, క్లయింటు వెండర్‌ని, అంటే మనల్ని పెట్టుకున్న కంపెనీని, మార్చడం. టీమ్‌ని కొత్త కంపెనీ అలాగే తీసుకున్నా సర్వీసు మళ్ళీ మొదటి రోజు నుంచి లెక్కవుతుంది. మీ యూఏఎన్ (కంపెనీ మారినా మారని పీఎఫ్ నంబరు) ఒక్కటే ఉండేలా చూసుకోండి, ప్రతి వెండర్ దగ్గరా కొత్త యూఏఎన్ తీయించుకోకండి, అనుభవ పత్రం ఆ నెలలోనే అడిగి తీసుకోండి. రెండేళ్ళ తర్వాత ఆ కంపెనీ ఆఫీసు ఎక్కడుందో కూడా దొరకదు.

పైకి వెళ్ళాలనుకునేవాళ్ళకి నా అనుభవంలో బాగా పనికొచ్చిన చిట్కా ఒకటి చెప్తాను: కరెంటు బిల్లు చదవడం నేర్చుకోండి. హెచ్‌టీ (హై టెన్షన్) బిల్లులో పవర్ ఫ్యాక్టర్, అంటే తీసుకున్న కరెంటులో నిజంగా పనికొచ్చే వంతు, 0.90 కంటే తగ్గితే అదనంగా పడుతుంది, కాంట్రాక్ట్ డిమాండ్ (ఒప్పందంలో రాసుకున్న గరిష్ఠ లోడ్) దాటితే జరిమానా రేటు పడుతుంది. మా దగ్గర పవర్ ఫ్యాక్టర్ సరిచేసే ఏపీఎఫ్‌సీ ప్యానెల్లో రెండు కెపాసిటర్లు ఉబ్బిపోయి పక్కన పడి ఉన్నాయి, ఎవరూ పట్టించుకోలేదు. నేను మూడు నెలల బిల్లులు పక్కపక్కన పెట్టి, ఎంత పోతోందో, కెపాసిటర్ల ఖరీదు ఎన్ని నెలల్లో వెనక్కొస్తుందో ఒక పేజీలో రాసిచ్చాను. నాకు పై మెట్టు వచ్చింది ఆ పేజీ వల్లే అని గట్టిగా నమ్ముతాను, ఎందుకంటే అప్పటిదాకా నన్ను "కరెంటు హుడుగ" (కరెంటు కుర్రాడు) అని పిలిచిన సొసైటీ సెక్రటరీ ఆ తర్వాత మీటింగుకి పిలవడం మొదలుపెట్టారు.

సైటు దారి

ప్రాజెక్టు సైటులో మీ సంతకం కొలతల మీద పడుతుంది. ఎన్ని మీటర్ల కాండ్యూట్ (వైర్లు పోయే పైపు), ఎన్ని పాయింట్లు, ఎంత కేబుల్ ట్రే, దాన్నిబట్టి ఆర్‌ఏ బిల్లు (జరిగిన పనికి ఎప్పటికప్పుడు పెట్టే బిల్లు), దాన్నిబట్టి కంపెనీకి డబ్బు. ఇక్కడ ఎలక్ట్రీషియన్ నుంచి ఫోర్‌మన్, సైట్ సూపర్‌వైజర్, ఆపైన సైట్ ఇంజనీర్, ప్రాజెక్ట్ మేనేజర్. ఫెసిలిటీ కంటే జీతం త్వరగా పెరుగుతుంది, పని నేర్చుకునే వేగం కూడా ఎక్కువ. ఒక్క ఏడాదిలో డ్రాయింగ్ చదవడం, బీఓక్యూ (పనులు, సామాను పరిమాణాల పట్టిక), లేబర్‌ని అంచనా వేయడం, ప్లంబర్‌తో, ఏసీ డక్టు వాళ్ళతో సీలింగులో జాగా కోసం గొడవ పడకుండా పని చేయించుకోవడం వచ్చేస్తాయి.

స్లాబ్ వేసే ముందు రాత్రి సంగతి చెప్తాను, సైటు పని మీకు సరిపడుతుందో లేదో అందులోనే తెలిసిపోతుంది. పొద్దున ఆరింటికి కాంక్రీటు పంపు వస్తుంది. రాత్రి పదింటికి కమ్మీల మధ్య పీవీసీ కాండ్యూట్లు పరిచి, ఫ్యాన్ బాక్సులు కట్టి, జాయింట్లకి సొల్యూషన్ పూసి, బాక్సుల్లోకి సిమెంటు పాలు పోకుండా మూతలు బిగించి, టేపు పెట్టి ప్రతి గది కొలత తీసుకుని, ఫోటోలు తీసి, క్లయింటు ఇంజనీరు చేత ఆ రాత్రే షీటు మీద సంతకం పెట్టించుకోవాలి. ఎందుకంటే కాంక్రీటు పడ్డాక లోపల ఏముందో మీకూ ఆయనకీ తప్ప ఎవరికీ తెలియదు, నెలాఖరు బిల్లు దగ్గర ఆయనకి గుర్తుండదు. మూత ఒక్కటి ఊడినా తర్వాత సీలింగు గాడి కొట్టాల్సిందే. ఈ పని చేస్తున్నప్పుడు టైమ్ తెలియకపోతే, టెన్షన్ ఉన్నా బాగుంది అనిపిస్తే, మీరు సైటు మనిషి. "ఇంటికి ఎప్పుడు పోతాం" అనిపిస్తే ఫెసిలిటీ నయం.

కుటుంబం ఇక్కడ పెద్ద విషయం. ఈ ఏడాది సర్జాపుర, వచ్చే ఏడాది దేవనహళ్ళి, తర్వాత హోసూరు. ఎక్కడుంటే అక్కడికి ఇల్లు మార్చలేరు, రోజూ సిల్క్ బోర్డు ట్రాఫిక్ దాటి రెండు గంటలు పోయి రెండు గంటలు రాలేరు. నేను ఆ రెండున్నరేళ్ళలో మా పాపని నిద్రపోతుండగానే ఎక్కువసార్లు చూశాను. పెళ్ళికి ముందు, పాతికా ముప్పై మధ్య వయసులో, మూడు నాలుగేళ్ళు సైటులో గడిపితే జీవితాంతం పనికొస్తుందన్నది నా అభిప్రాయం. పిల్లలు పుట్టాక కొత్తగా సైటు దారి పట్టడం మాత్రం బాగా ఆలోచించి చేయండి.

చిన్న ఇంటీరియర్ కాంట్రాక్టరు దగ్గర 30 వేలంటే ఇంకా కొన్ని అడగాలి. అపాయింట్‌మెంట్ లెటర్ ఇస్తారా, పీఎఫ్ కడతారా, జీతం బ్యాంకులో వేస్తారా, చేతికిస్తారా, సైటు అయిపోయాక తర్వాతి సైటు మొదలయ్యేదాకా జీతం ఉంటుందా. ముఖ్యంగా, పని ఎవరి లైసెన్సు మీద నడుస్తోంది? ఇంకొకరి లైసెన్సు అద్దెకి తెచ్చుకుని నడిపే పనులు ఈ ఊళ్ళో తక్కువేం లేవు. అలాంటి చోట సూపర్‌వైజర్ అంటే, ప్రమాదం జరిగిన రోజు ముందు నిలబెట్టే మనిషి.

సొంత కాంట్రాక్టు

దీని మీద చాలామందికి మోజు. నాకూ ఉండేది. ఇక్కడ మీ సంతకం కంప్లీషన్ రిపోర్టు మీద పడుతుంది, వైరింగ్ పూర్తయి టెస్టు చేసినట్టు లైసెన్స్‌డ్ కాంట్రాక్టరు ఇచ్చే ఆ కాగితం పట్టుకునే బెస్కాం వాళ్ళు కనెక్షన్ సంగతి చూస్తారు. గౌరవం ఉంది, సంపాదనకి హద్దు లేదు. పని తెలిసినంత మాత్రాన నడవదు, అంతే.

ఒక లెక్క చూడండి. నాలుగు లక్షల పని ఒప్పుకున్నారు. అందులో సగానికి పైగా వైరు, స్విచ్చులు, ఎంసీబీలు, బీవీకే అయ్యంగార్ రోడ్డులో మీకు అప్పు పుట్టాలంటే రెండేళ్ళ పరిచయం కావాలి, అప్పటిదాకా నగదే. కొటేషన్ ఇచ్చిన రోజుకీ కొన్న రోజుకీ మధ్య రాగి ధర పెరిగితే ఆ తేడా మీదే. ప్రతి శనివారం కుర్రాళ్ళకి బటవాడా ఇవ్వాలి, అది ఆగితే సోమవారం ఒక్కరూ రారు. బిల్లు పెడితే ఒక శాతం టీడీఎస్ నాలుగు వేలు, ఐదు శాతం రిటెన్షన్ (పనికి హామీగా ఆపే డబ్బు) ఇరవై వేలు పట్టుకుంటారు, ఆ రిటెన్షన్ ఏడాది తర్వాత పది ఫోన్లు చేస్తే వస్తుంది. నేను చేసిన ఒక ఆఫీసు పనికి మిగతా డబ్బు ఏడు నెలలకి వచ్చింది, ఈలోపు మా ఆవిడ గాజులు బ్యాంకులో పెట్టాను. అప్పుడు నాకు చిన్న సంస్థలు చేసుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ గురించి తెలియదు. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం రిజిస్టరైన చిన్న సంస్థకి కొనుగోలుదారు 45 రోజుల్లోగా చెల్లించాలి, లేకపోతే వడ్డీతో సహా అడిగే హక్కుంది. రిజిస్ట్రేషన్ ఉచితం, ఆన్‌లైన్‌లో అరగంట పని. పని మొదలుపెట్టకముందే చేసుకోండి, బిల్లు మీద ఆ నంబరు వేయండి.

ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితే జీఎస్‌టీ వస్తుంది, అంటే నెలకో మూడు నెలలకో రిటర్నులు. రాత్రి పది తర్వాత ఈ కాగితాలు చూసే ఓపిక మీకో, ఇంట్లో ఎవరికో ఉండాలి. నా సలహా అడిగితే, ఆరు నెలల ఇంటి ఖర్చూ రెండు పనులకి సరిపడా సామాను డబ్బూ చేతిలో లేకుండా దిగొద్దు. దిగేవాళ్ళు చిన్న ఇళ్ళ పనులు, సోలార్ రూఫ్‌టాప్ వైపు చూడండి. 2024 ఫిబ్రవరిలో వచ్చిన పీఎం సూర్య ఘర్ పథకంలో 3 కిలోవాట్ల ఇంటికి 78 వేలదాకా సబ్సిడీ ఉంది కాబట్టి అడిగేవాళ్ళు పెరిగారు, ఇంటి యజమాని కంపెనీల్లాగా ఏడు నెలలు ఆపడు.

ఫ్యాక్టరీ, ఇంకా మేనేజర్ కాకుండా ఉండిపోవడం

పీణ్య, బొమ్మసంద్ర, నరసాపుర ఫ్యాక్టరీల్లో మెయింటెనెన్స్ దారి గురించి తక్కువే చెప్తాను, నేను అక్కడ పని చేయలేదు. చూసినంతలో, జీతం, క్యాంటీన్, బస్సు బాగుంటాయి, కానీ ఇంజనీర్ అనే మెట్టు దగ్గర డిప్లొమా లేకపోతే గేటు పడుతుంది. వీఎఫ్‌డీ (మోటారు వేగం మార్చే డ్రైవ్), పీఎల్‌సీ (మెషీన్లని నడిపే కంట్రోలర్) మీద ఆసక్తి ఉన్నవాళ్ళకి మాత్రం ఇంతకంటే మంచి బడి లేదు.

అందరూ మేనేజర్లు కానక్కర్లేదు. మా దగ్గర హెచ్‌టీ పనులకి వచ్చే ఒకాయన ఉన్నారు, చిత్తూరు జిల్లా, యాభై దాటాయి. వీసీబీ (హెచ్‌టీ వైపు వాడే వాక్యూమ్ బ్రేకర్) సర్వీసింగ్, రిలే టెస్టింగ్, ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్ ఫిల్ట్రేషన్, ఇవే పని. ఆయన కింద ఒక్క మనిషి లేడు, కానీ ఆయన డేట్ ఇస్తేనే మా షట్‌డౌన్ ఖాయమవుతుంది. రోజు కూలీ నా రోజు జీతం కంటే ఎక్కువ. చేతి పని అంటే ప్రాణం ఉన్నవాళ్ళు ఇలా ఒక్క విషయంలో లోతుకి వెళ్ళండి, సూపర్‌వైజర్ అనే పేరు కోసం ఇష్టమైన పని వదులుకోవద్దు.

చదువు, భాష

రెండేళ్ళ ఐటీఐ ఉంటే డిప్లొమా రెండో సంవత్సరంలో లాటరల్‌గా చేరొచ్చు. డిప్లొమా అయ్యాక కర్ణాటకలో డీసెట్, మన వైపు ఈసెట్ రాసి ఇంజనీరింగ్ రెండో ఏడాదిలోకి వెళ్ళొచ్చు. ఉద్యోగం చేస్తూ సాయంత్రం చదివేవాళ్ళ కోసం ఏఐసీటీఈ (టెక్నికల్ చదువులకి కేంద్ర నియంత్రణ సంస్థ) అనుమతించిన వర్కింగ్ ప్రొఫెషనల్స్ కోర్సులు ఉన్నాయి, కాలేజీకి ఆ అనుమతి ఉందో లేదో ఏఐసీటీఈ సైటులో చూసుకునే ఫీజు కట్టండి. దూరవిద్యలో ఇంజనీరింగ్ డిప్లొమా ఇస్తామనే వాళ్ళ జోలికి దయచేసి వెళ్ళకండి. టెక్నికల్ చదువు కరస్పాండెన్స్‌లో కుదరదని సుప్రీంకోర్టు 2017లోనే చెప్పింది, అయినా అలా డబ్బు పోగొట్టుకున్న ఇద్దరు మా టీమ్‌లోనే ఉన్నారు.

భాష సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. బెస్కాం లైన్‌మ్యాన్‌తో కన్నడం, బిహార్, ఒడిశా హెల్పర్లతో హిందీ, క్లయింటుకి మెయిల్ ఇంగ్లిష్‌లో. "ఫీడర్ ట్రిప్ ఆగిదె సర్, స్వల్ప నోడి" (ఫీడర్ ట్రిప్ అయింది సార్, కాస్త చూడండి) అని కన్నడంలో నాలుగు ముక్కలు గౌరవంగా అడిగితే పని కదులుతుంది. ఇంగ్లిష్‌లో పెద్ద వ్యాసాలేం అక్కర్లేదు, ఏం జరిగింది, ఎందుకు జరిగింది, ఎప్పటికి బాగవుతుంది, ఇంకెంత సామాను కావాలి, ఈ నాలుగు తప్పుల్లేకుండా రాయగలిగితే చాలు. ఎక్సెల్‌లో ఒక పట్టిక వేసి కూడిక పెట్టడం కూడా ఈ నెలలోనే నేర్చుకోండి.

ఇక మా తమ్ముడి సంగతి. గురువారం కాంట్రాక్టరుకి ఫోన్ చేసి పైన చెప్పిన ప్రశ్నలు అడిగాడు. లెటర్ ఇస్తాను, పీఎఫ్ తర్వాత చూద్దాం అన్నాడంట. లైసెన్సు ఎవరిదని అడిగితే "నీకెందుకు అవన్నీ" అన్నాడంట. శుక్రవారం టెక్ పార్కు హెచ్‌ఆర్ దగ్గరికి ఓటీ, ఈఎస్‌ఐ లెక్క రాసిన కాగితం పట్టుకెళ్ళాడు, 27,500కి ఒప్పుకున్నారు. ఇంకోటి కూడా అడగమని చెప్పాను: ఆ బిల్డింగులో కొత్త టెనెంట్లు ఫిట్‌అవుట్ (ఆఫీసు లోపలి పనులు) చేసుకునేటప్పుడు భవనం తరఫున ఎలక్ట్రికల్ పని చూసే బాధ్యత. ఎవరూ ఇష్టపడని పని అది, వెంటనే ఇచ్చేశారు. నిన్న ఫోటో పంపాడు, నాలుగో అంతస్తులో సీలింగు మూయకముందు నిచ్చెన ఎక్కి కేబుల్ ట్రే కొలుస్తున్నాడు, టేపు అవతలి కొస కాంట్రాక్టరు మనిషి పట్టుకున్నాడు. సూపర్‌వైజర్ సర్టిఫికెట్‌కి అనుభవ పత్రం మీద స్టాంపు ఎక్కడ వేయించాలి అని కింద అడిగాడు.